బరంపురం వీధుల్లో సైకిల్: దెబ్బ తగలకుండా ఎలా, తగిలితే అడిగేదెలా

ఒడిశాలోని బరంపురంలో ఇప్పటికీ సైకిలే ఆధారంగా బతికేవారు తక్కువేమీ కాదు. తెల్లవారకముందే పాల క్యాన్లు కట్టుకొని పల్లెల నుంచి వచ్చేవారు, చీరల మూట క్యారియర్ మీద వేసుకొని షావుకారు కొట్టుకు వెళ్లే పట్టు నేతపనివారు, తాపీ సామాను హ్యాండిల్‌కు తగిలించుకొని కూలికి పోయేవారు, ప్రభుత్వం ఇచ్చిన సైకిల్ మీద బడికి పోయే పిల్లలు రోజూ ఇవే వీధుల్లో బస్సుల మధ్య, ఆటోల మధ్య దారి వెతుక్కుంటూ ఉంటారు. సైకిల్‌కు లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు, బీమా అక్కరలేదు. ఇవేవీ అక్కరలేదు కనుక రోడ్డు మీద హక్కు కూడా లేదని చాలామంది అనుకుంటారు. అందుకే ఏదైనా జరిగినప్పుడు, చూసినవారూ చూడనివారూ కలిసి, "సైకిల్ వాడే అడ్డం వచ్చాడు" అని ముందుగా తేల్చేస్తారు. ఆ మాట అక్కడితో ఆగదు. సాయంత్రానికి పోలీసు కాగితంలోకి, మరునాటికి ఆసుపత్రి చీటీలోకి, ఏడాది తరువాత పరిహారం లెక్కలోకి ఎక్కుతుంది. కాబట్టి దెబ్బ తగలకుండా చూసుకోవడం ఎంత అవసరమో, తగిలినప్పుడు జరిగినది జరిగినట్టు కాగితం మీదికి ఎక్కించడం అంతే అవసరం.

సైకిల్‌ను చూసుకోవడం

బ్రేకుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రబ్బరు ముక్కలు అరిగి ఇనుము రిమ్ముకు తగులుతూ ఉంటే ఆ రోజే మార్పించాలి. పాత రాడ్డు బ్రేకులు వానలో మొదటి రెండు చుట్లు దాదాపు పట్టవు. అందుచేత తడి రోడ్డు మీద కూడలికి చాలా ముందుగానే తేలికగా ఒకసారి నొక్కి రిమ్ము మీది నీటిని తుడిచి, ఆ తరువాత గట్టిగా పట్టాలి. రెండు బ్రేకులనూ కలిపి వాడాలి. వేగంలో ముందు బ్రేకు ఒక్కటే బిగిస్తే మనిషి హ్యాండిల్ మీది నుంచి ముందుకు పడతాడు, వెనక బ్రేకు ఒక్కటే పడితే సైకిల్ ఆగడానికి చాలా దూరం పడుతుంది.

అసలు శ్రద్ధ పెట్టవలసినది వెలుతురు మీద. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ఆ డ్రైవరుకు మీరు 30 మీటర్ల దూరంలో మాత్రమే కనబడితే అతని చేతిలో రెండు సెకన్లు కూడా లేవు, అందులో ఒక సెకను కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే పోతుంది. తెల్ల చొక్కా వేసుకున్నాం కదా అనుకోవడం చాలదు. చొక్కా మీద పడిన వెలుగు అన్ని వైపులకూ చెదిరిపోతుంది, రిఫ్లెక్టరు మాత్రం హెడ్‌లైటు వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపుతుంది. ముందు తెలుపు, వెనక ఎరుపు, చక్రాలకూ పెడళ్లకూ పసుపు రిఫ్లెక్టర్లు ఉండాలి. వాటితోపాటు వెనక మినుకుమినుకుమనే ఎర్ర లైటు ఒకటి, ముందు తెల్ల లైటు ఒకటి పెట్టుకోవాలి. ఇక్కడ మన నేతపనివారు, పాలవారు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉంది. మడ్‌గార్డు మీద ఎర్రటి రిఫ్లెక్టరు ఉంటుంది కానీ, క్యారియర్ మీది మూట కిందికి జారి దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. మూట కట్టిన తరువాత పది అడుగులు వెనక్కి వెళ్లి నిలబడి చూడాలి. ఎరుపు కనబడకపోతే రిఫ్లెక్టరు పట్టీ ముక్కను మూటకే కట్టాలి. ఈ లైట్ల వల్ల ఇంకొక ప్రయోజనం కూడా ఉంది, దాన్ని పరిహారం సంగతి దగ్గర చెబుతాను.

సైకిల్ తొక్కేవారికి హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు. అయినా పెట్టుకోవడం మంచిది, ముఖ్యంగా పిల్లలకు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం పెట్టుకోకూడదు, ఎందుకంటే సైకిల్ తొక్కేవారికి వెనక అద్దం ఉండదు, చెవులే ఆ పని చేస్తాయి.

రోడ్డు మీద ఎక్కడ ఉండాలి

ఎడమ వైపునే వెళ్లాలి. "ఎదురుగా వచ్చే బండి కనబడుతుంది కదా" అని రాంగ్ సైడులో తొక్కేవారిని రోజూ చూస్తున్నాం. ఎదురెదురుగా వచ్చినప్పుడు రెండు బండ్ల వేగాలూ కలుస్తాయి, పక్క సందులో నుంచి మలుపు తిరిగేవాడు ఆ వైపు చూడనే చూడడు. పైగా తరువాత తప్పు ఎవరిదని లెక్క తేల్చేటప్పుడు ఆ ఒక్క విషయమే మీ వాదాన్ని సగం చంపేస్తుంది.

ఎడమ వైపు అంటే కాలువ అంచును అంటిపెట్టుకొని పొమ్మని కాదు. ఆస్కా రోడ్డు మీద గానీ గిరి రోడ్డు మీద గానీ మరీ అంచున వెళితే మూతలేని కాలువ, ఇసుక, ఆగిన తోపుడు బండి అడుగడుక్కీ అడ్డం వస్తాయి. వాటిని తప్పించడానికి మీరు చటుక్కున కుడికి జరిగిన క్షణంలోనే వెనక మోటార్‌సైకిల్ వచ్చి తగులుతుంది. అంచుకు రెండు మూడు అడుగుల దూరంలో తిన్నగా, ఒకే గీత మీద వెళ్లేవాడు వెనకవారికి ముందుగా కనబడతాడు, ఎటు పోతాడో వారికి అర్థమవుతుంది. ఆగి ఉన్న కార్ల పక్కన వెళ్లేటప్పుడు ఒక తలుపు పూర్తిగా తెరుచుకునేంత చోటు విడిచిపెట్టాలి. బజారు వీధుల్లో తలుపు తెరిచేవారిలో ఎక్కువమంది వెనక్కి చూడరు.

కుడికి తిరగవలసి వస్తే ముందుగా భుజం మీదుగా వెనక్కి చూసి, చెయ్యి చాచి, ఆ తరువాతే జరగాలి. కోర్టుపేట కూడలి, కామపల్లి కూడలి వంటి చోట్ల రద్దీ వేళల్లో రోడ్డు మధ్యకు జరగడం ప్రమాదకరం. అక్కడ నేరుగా కూడలి దాటి, ఎదుటి వైపు ఎడమ అంచున ఆగి, సైకిల్‌ను కుడికి తిప్పి పెట్టుకొని, ఆ దిక్కు బండ్లు కదిలినప్పుడు వారితోపాటు కదలాలి. ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే. ఠాకురాణీ యాత్ర జరిగే నెలలో దారులు మూసి మళ్లిస్తారు, రాత్రంతా జనం తిరుగుతారు. ఆ రోజుల్లో పాత బస్తీ వీధుల్లో సైకిల్ దిగి నడిపించుకొని పోవడమే తెలివైన పని.

లారీ పక్కన నిలబడకండి

ఒక సంగతి ఇంట్లో పిల్లలకు కూడా వివరంగా చెప్పాలి. లారీ గానీ బస్సు గానీ ఎడమకు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు. మలుపు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి, బండి ఎంత పొడవైతే అంత లోపలికి వస్తాయి. ముందు భాగం మిమ్మల్ని దాటిపోయింది కదా అని మీరు ఊపిరి పీల్చుకునే సమయంలోనే వెనక చక్రాలు మీ మీదికి వస్తాయి. ఎత్తయిన క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకు తన ఎడమ పక్కన, తలుపు కింద ఉన్న మనిషి కనబడడు. గుర్తు పెట్టుకోవలసిన ఉపాయం ఒక్కటే: లారీ పక్క అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే మీరు అతనికి కనబడటం లేదు. సిగ్నల్ దగ్గర ఆగిన లారీకి ఎడమ పక్క నుంచి దూరి ముందుకు పోవాలని ఎప్పుడూ ప్రయత్నించకూడదు, వెనకే ఆగాలి. 16వ జాతీయ రహదారి మీద హల్దియాపదర్ వంటి చోట్ల ఊరి బండ్లూ, విశాఖపట్నం, భువనేశ్వర్ దారిన పోయే పెద్ద బండ్లూ కలిసే కూడళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. సర్వీసు రోడ్డు ఉన్న మేర దానిమీదే వెళ్లాలి, లేనిచోట దాటేటప్పుడు దిగి నడిచి దాటాలి.

తగిలిన తరువాత మొదటి పది నిమిషాలు

ఇది నేను నా తప్పుతో నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ల క్రితం ఒక బజారు వీధిలో వెనక్కి తీస్తున్న కారు నన్ను పక్కకు పడగొట్టింది. మోచెయ్యి గీరుకుపోయింది, ముందు చక్రం వంగింది. డ్రైవరు మంచిమాటలే చెప్పాడు, 500 రూపాయలు చేతిలో పెట్టాడు, చుట్టూ ఉన్నవారు "పోనీలెండి" అన్నారు, నేనూ పోనిచ్చాను. మూడో రోజుకు మణికట్టు వాచి పోటు ఆగకపోతే ఎక్స్‌రే తీయించాను, ఎముక చిట్లిందన్నారు. అప్పటికి నా దగ్గర ఆ కారు నంబరు లేదు, చూసినవారి పేర్లు లేవు. ఆసుపత్రి చీటీ మీద, ఎందుకొచ్చిన గొడవ అని నేనే చెప్పగా రాసిన "సైకిల్ మీది నుంచి పడ్డారు" అన్న మాట ఒక్కటే మిగిలింది. ఆరు వారాలు కట్టుతో కూర్చున్నాను.

కాబట్టి రోడ్డు మీద రాజీ పడకండి. దెబ్బ తగిలిన వెంటనే ఒంట్లో పుట్టే ఉద్రేకం వల్ల నొప్పి తెలియదు. తల దెబ్బలు, ఎముక చిట్లడం గంటల తరువాత బయటపడతాయి. లేవగలిగితే ముందుగా రోడ్డు పక్కకు జరగాలి, లేవలేకపోతే కదలకూడదు, మెడ అసలు కదపకూడదు. 112కు గానీ 108కి గానీ ఫోను చేయించాలి. జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా పనిచేస్తుంది. ఆ తరువాత బండి నంబరు ఫోటో తీయాలి, తీయలేకపోతే పక్కనున్నవారితో తీయించాలి. బండ్లు కదలకముందే రెండూ కనబడేలా నాలుగు వైపుల నుంచి తీసిన ఫోటోలు తరువాత వంద మాటలకు సమానం. ఫోటోలో కొట్టు బోర్డో కరెంటు స్తంభమో పడితే స్థలం ఎక్కడో ఎవరూ కాదనలేరు. చూసినవారిలో ఇద్దరి ఫోను నంబర్లు అడగాలి. "సాక్ష్యం చెప్పాలి" అంటే భయపడతారు, "ఏమి జరిగిందో ఒకసారి చెబితే చాలు" అంటే ఇస్తారు.

గుమిగూడిన జనం డ్రైవరు మీద చెయ్యి చేసుకోకుండా చూడటం కూడా మీకే మేలు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం ప్రమాదం చేసిన డ్రైవరు గాయపడిన వ్యక్తిని దగ్గరలోని వైద్యుడి వద్దకు చేర్చడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలి. అక్కడ పోలీసులు లేకపోతే 24 గంటలలోపు స్టేషనుకు వెళ్లి తెలియజేయాలి. చేయకపోతే 187వ సెక్షను కింద 6 నెలల వరకు జైలు గానీ 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. అయితే గాయపడిన వ్యక్తిని ఆసుపత్రికి చేర్చే బాధ్యతకు ఆ చట్టమే ఒక మినహాయింపు పెట్టింది: జనం ఆగ్రహం వల్ల సాధ్యం కాకపోతే తప్ప. మన కుర్రాళ్లు రెండు దెబ్బలు వేస్తే, పారిపోయినవాడికి మనమే సాకు రాసిచ్చినట్టవుతుంది.

దారిన పోయేవారు సాయం చేయడానికి వెనకాడుతుంటే వారికి ఒక మాట చెప్పండి. 2019 సవరణతో చేర్చిన 134ఎ సెక్షను ప్రకారం, గాయపడినవారిని సద్బుద్ధితో ఆసుపత్రికి చేర్చినవారి మీద ఏ కేసూ ఉండదు, పేరు చెప్పమని వారిని బలవంతపెట్టడానికి వీలులేదు.

ఆసుపత్రి చీటీ

పరిహారం కేసుల్లో పోలీసు కాగితం కన్నా ముందు అందరూ చూసేది మొదటి ఆసుపత్రి చీటీని. బీమా కంపెనీ వకీలు వెతికేది అందులో రాసిన కారణం కోసమే. గుద్దినవాడే మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకువెళ్లి, దారిలో "జారిపడ్డానని చెప్పండి, ఖర్చంతా నేను పెట్టుకుంటాను" అని బతిమాలడం మన ఊళ్లో మామూలే. మొదటి రోజు మందులు కొంటాడు, రెండో రోజు ఫోను ఎత్తడు. మీ ముందు ఉన్నవాడు ఎంత మంచివాడైనా సరే, వైద్యుడికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: ఏ రోజు, ఏ సమయంలో, ఎక్కడ, ఏ నంబరు బండి గుద్దింది. దాన్ని మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయవలసిన కేసుగా, నమోదు చేయమని అడగాలి. ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రిలో అయినా, ప్రైవేటు ఆసుపత్రిలో అయినా, ఫార్మాలిటీలు పూర్తి కాలేదన్న సాకుతో ప్రమాద బాధితుడికి వైద్యం ఆపడానికి వీలులేదని అదే 134వ సెక్షను చెబుతుంది.

డబ్బు లేదని ఆగవలసిన పని కూడా లేదు. 2025 మే 5న కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం, మోటారు వాహనం వల్ల రోడ్డు ప్రమాదానికి గురైనవారికి ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1,50,000 రూపాయలు మించకుండా, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో నగదు లేకుండా వైద్యం అందించాలి. గుద్దింది మోటారు వాహనం అయితే చాలు, మీరు సైకిల్ మీద ఉన్నా వర్తిస్తుంది. అది ఏ ఆసుపత్రిలో ఉందో 112కు ఫోను చేసినప్పుడే అడగాలి.

చిరిగిన బట్టలు, విరిగిన సైకిల్ అలాగే ఉంచాలి. మరునాడే రిపేరు కొట్టుకు ఇచ్చేయకండి. వంగిన వెనక చక్రం మిమ్మల్ని వెనక నుంచి గుద్దారని చెబుతుంది, ఫ్రేముకు అంటిన రంగు ఏ రంగు బండో చెబుతుంది. మీ మాట నమ్మనివారు కూడా సైకిల్ మాట నమ్ముతారు.

స్టేషనులో

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం ఒడిశాలోకి వచ్చింది, ఇచ్ఛాపురం ఆంధ్ర వైపే ఉండిపోయింది. అప్పటి నుంచి మన ఇళ్లలో తెలుగు, కాగితాల్లో ఒడియా. ఇక్కడి తెలుగువారిలో ఒడియా గడగడా మాట్లాడేవారు చాలామందే కానీ, ముఖ్యంగా పెద్దవారిలో, చదవగలిగేవారు అంతమంది లేరు. ఎఫ్‌ఐఆర్ సాధారణంగా ఒడియాలో రాస్తారు. పోలీసులు కేసు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, మీరు నోటితో చెప్పిన ఫిర్యాదును అధికారి రాసుకొని, మీకు చదివి వినిపించి, ఆ తరువాతే సంతకం తీసుకోవాలి. చదివి వినిపించమని అడగడానికి మొహమాటపడకండి. అర్థం కాని మాట ఉంటే అడగండి, వీలైతే ఒడియా చదవగలిగిన ఇంటి పిల్లను వెంట తీసుకువెళ్లండి. ముఖ్యంగా "అడ్డం వచ్చారు", "హఠాత్తుగా తిరిగారు" వంటి మాటలు మీరు చెప్పకుండా అందులో చేరాయేమో చూసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అది చేతికి వచ్చేవరకు పని పూర్తి కానట్టే.

2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ప్రమాదకరంగా బండి నడపడం 281వ సెక్షను కిందికి, అలా నడిపి గాయపరచడం 125వ సెక్షను కిందికి, నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణం కావడం 106వ సెక్షను కిందికి వస్తాయి. ఎముక విరిగితే అది తీవ్ర గాయమే, ఆ గాయానికి 3 సంవత్సరాల వరకు శిక్ష ఉంది. పారిపోయినవాడికి 10 సంవత్సరాలు అని వినబడే మాట 106వ సెక్షనులోని రెండో ఉపసెక్షను గురించి. మిగతా సంహిత అమలైన రోజున దాన్ని మాత్రం ఆపి ఉంచారు.

స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే దాన్ని రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. గంజాం రెవెన్యూ జిల్లా ఒకటే అయినా పోలీసు జిల్లాలు రెండు. నగరంలో జరిగినది బరంపురం ఎస్పీ కిందికి వస్తుంది, ఛత్రపురంలోని గంజాం ఎస్పీకి పంపితే తిరిగి తిరిగి వస్తుంది.

సీసీటీవీ సంగతి ఆలస్యం చేయకూడదు. కొట్ల ముందు కెమెరాల్లో పాత దృశ్యాలు కొద్ది రోజుల్లోనే చెరిగిపోయి వాటిమీదే కొత్తవి ఎక్కుతాయి. ఏ కొట్టు కెమెరా ఆ చోటు వైపు చూస్తోందో గమనించి, దాన్ని వెంటనే స్వాధీనం చేసుకోమని ఫిర్యాదులోనే రాయాలి.

ఆంధ్రా నంబరు బండి అయితే

గిరిసోల దాటితే ఆంధ్ర. కాబట్టి మన వీధుల్లో రెండు రాష్ట్రాల బండ్లూ తిరుగుతాయి. ఓడీ 07 లేదా పాత ఓఆర్ 07 అంటే గంజాం, ఓడీ 20 అంటే గజపతి జిల్లా అని చూడగానే తెలుస్తుంది. ఆంధ్రా బండ్లలో పాతవాటికి ఏపీ 30 అంటే శ్రీకాకుళం అని తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వరస ఇచ్చారు కనుక, మొదటి నాలుగు అక్షరాలు మాత్రమే గుర్తు పెట్టుకుంటే ఉపయోగం లేదు. చివరి నాలుగు అంకెలు, వాటి ముందున్న అక్షరాలు తప్పకుండా చూడాలి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు వేస్తే ఆ బండి ఏ రకమో, బీమా ఎప్పటిదాకా ఉందో కనబడుతుంది. ఫోటోలో పడిన బండీ ఆ వివరాలూ ఒకటే అవునో కాదో పోల్చుకోవచ్చు.

"పొరుగు రాష్ట్రం బండి, మా వల్ల కాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. నేరం జరిగిన చోటి స్టేషనే కేసు నమోదు చేస్తుంది, బండి ఎక్కడిదన్నది అనవసరం. ఇచ్ఛాపురం మనిషి బరంపురంలో దెబ్బ తిని ఇంటికి వెళ్లిపోయాక ఫిర్యాదు చేయాలనుకుంటే, ఇచ్ఛాపురంలోనే జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు, వారే దాన్ని ఇక్కడికి బదిలీ చేయాలి. పరిహారం దరఖాస్తు విషయంలో చట్టం ఇంకా వెసులుబాటు ఇచ్చింది. ప్రమాదం జరిగిన చోట గానీ, బాధితుడు నివసించే చోట గానీ, ఎదుటి పక్షం ఉండే చోట గానీ, ఇలాంటి పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్‌లో వేయవచ్చు. ఆంధ్రలో ఉండేవారు ప్రతి వాయిదాకూ సరిహద్దు దాటి రానక్కరలేదు.

పరిహారం

మోటారు వాహనం రోడ్డు మీదికి రావాలంటే థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. ఆ థర్డ్ పార్టీ అంటే మీరే. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయడానికి 2022 ఏప్రిల్ 1 నుంచి 6 నెలల గడువు ఉంది. కట్టు విప్పాక చూద్దాం అనుకుంటూ ఉంటే గడువు దాటిపోతుంది. తప్పు ఎవరిదో రుజువు చేయకుండా 164వ సెక్షను కింద తీవ్ర గాయానికి 2,50,000, మరణానికి 5,00,000 రూపాయలు అడిగే దారి కూడా ఉంది. ఏది మేలన్నది గాయాన్ని బట్టి వకీలు చెప్పాలి. వకీలు ఫీజు కష్టమైతే జిల్లా న్యాయ సేవా సంస్థను అడగాలి, 15100కు ఫోను చేసినా దారి చూపిస్తారు. మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

జీతం చీటీ లేనివారు తమకు ఏమీ రాదనుకుంటారు. అది సరికాదు. మగ్గం మీద పనిచేసేవారు షావుకారు లెక్కల పుస్తకం, సొసైటీ పాసుబుక్కు, పాలవారు వాడకందార్ల లెక్కలు దాచుకుంటే ఆదాయానికి అవే ఆధారం. ఏ ఆధారమూ లేకపోయినా కనీస వేతనాల వంటి కొలతను బట్టి ఆదాయాన్ని అంచనా కడతారు. వైద్యం బిల్లులతోపాటు ఆసుపత్రికి వెళ్లివచ్చిన ఆటో ఖర్చులు కూడా తేదీలతో రాసి పెట్టుకోవాలి.

మొదట లైట్ల గురించి చెబుతూ దాచిన మాట ఇదే. ట్రిబ్యునల్ తప్పును ఇద్దరి మధ్య పంచగలదు. చీకట్లో లైటు లేకుండా వెళ్లారని, రాంగ్ సైడులో ఉన్నారని తేలితే, వచ్చే మొత్తంలో ఆ మేరకు కోత పడుతుంది. వెలుగుతున్న ఎర్ర లైటు ఉన్న సైకిల్ ఫోటో ఒకటి ఆ కోతను ఆపగలదు.

గుద్దిన బండి ఏదో చివరిదాకా తెలియకపోతే 161వ సెక్షను కింద వేరే పథకం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అందులో మరణానికి 2,00,000, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇస్తున్నారు, అంతకుముందు ఇచ్చినవి 25,000, 12,500 మాత్రమే. దీనికి కోర్టు అక్కరలేదు. ప్రమాదం జరిగిన సబ్‌డివిజన్ రెవెన్యూ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి, మంజూరు కలెక్టరు చేస్తారు. ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి కాగితాలు లేకుండా ఇది కదలదు. బండి దొరకదు కదా, ఫిర్యాదు ఎందుకు అని ఊరుకున్న కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే.

దెబ్బ తగలకపోయినా

రాసుకుంటూ పోయిన బస్సు, ఫోనులో మాట్లాడుతూ కూడలిలోకి దూసుకొచ్చిన కారు, ఇంకా మీసాలు రాని కుర్రవాడి చేతిలో మోటార్‌సైకిల్ వంటివి కనబడితే తిట్టుకొని ఊరుకుంటాం. వీటికీ శిక్షలు ఉన్నాయి. చేతిలో ఫోను పట్టుకొని నడపడం, ఎర్ర సిగ్నల్ దాటడం 184వ సెక్షను కింద ప్రమాదకరమైన డ్రైవింగే. తాగి నడిపితే 185వ సెక్షను కింద మొదటిసారే 6 నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మైనరు నేరం చేస్తే 199ఎ సెక్షను కింద సంరక్షకుడికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, 3 సంవత్సరాల వరకు జైలు, ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. మన ఇళ్లలోనే పదో తరగతి పిల్లవాడికి స్కూటీ తాళం ఇస్తున్న తల్లిదండ్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. సైకిల్ తొక్కే నాన్న, మోటార్‌సైకిల్ నడిపే కొడుకు ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి ఇంకొక మాట కూడా చెప్పాలి. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టిన తరువాత బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం ఒక మీటరు ఎడం ఇవ్వలేకపోతే దాటడం మానుకొని వెనకే రావాలి.

ఫిర్యాదు రాసేటప్పుడు కోపం రాయకండి, వివరం రాయండి. తేదీ, సమయం, ఏ కూడలి నుంచి ఏ వైపు వెళుతుండగా, బండి రకం, రంగు, పూర్తి నంబరు, ఏమి చేసింది, మీరు ఎక్కడ ఉన్నారు అన్నవి చాలు. ట్రాఫిక్ పోలీసులకు ఒక ప్రతి, ప్రైవేటు బస్సు, లారీ అయితే ఆర్‌టీఓ కార్యాలయానికి ఇంకొక ప్రతి ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే నకలు మీద ముద్ర వేయించుకోవాలి. లైసెన్సును కొంతకాలం నిలిపివేసే అధికారం వారికి ఉంది, ఒకే బండి మీద మూడు ఫిర్యాదులు చేరితే ఆ ఫైలు బరువే వేరు. మూత లేని కాలువ, వెలగని దీపం వల్ల ప్రమాదం పొంచి ఉంటే అదే పద్ధతిలో మునిసిపల్ కార్పొరేషనుకు రాయాలి. రోడ్డు భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో వైకల్యమో కలిగితే, బాధ్యత ఉన్న అధికార సంస్థ మీద, కాంట్రాక్టరు మీద 1,00,000 రూపాయల వరకు జరిమానా వేసే 198ఎ సెక్షను 2019లో వచ్చింది, దాన్ని ఫిర్యాదులో పేర్కొంటే తప్పులేదు.

ఇదంతా గుర్తుండదని నేను సీటు కింద సంచిలో ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు పెట్టుకుంటున్నాను. మొదటి పేజీలో నా రక్తం గ్రూపు, ఇంటివారి ఫోను నంబరు ఉన్నాయి, మిగతా పేజీలు బండి నంబర్ల కోసం. మొదట పెన్నే పెట్టాను కానీ ఒక ఆషాఢం వానకు సిరా అంతా కారిపోయింది. పెన్సిలు రాత తడిసినా నిలుస్తుంది.